ఇంటి సుగమ్యత మార్పులకు ప్రభుత్వ సాయం: తుళ్లూరు ప్రాంతం

వయసు మళ్లడం వల్లగాని, వైకల్యం వల్లగాని నడక, చూపు, పట్టు తగ్గిన మనిషి తన ఇంట్లోనే వీలైనంతవరకు ఒకరి మీద ఆధారపడకుండా తిరగడానికి, స్నానం చేయడానికి, మరుగుదొడ్డి వాడుకోవడానికి ఆ ఇంటి కట్టడంలో చేసే మార్పులను సుగమ్యత మార్పులు అంటారు. మెట్ల పక్కన వాలుగా కట్టే ర్యాంపు, స్నానాలగది గోడకు బిగించే పట్టుకమ్మి, చక్రాల కుర్చీ దూరేంత వెడల్పు చేసిన ద్వారబంధం, గొంతుక్కూర్చోలేనివారి కోసం అమర్చే కమోడ్, కాలు జారని గచ్చు, కూర్చున్న చోటి నుంచి చేతికందే స్విచ్‌లు, కొళాయిలు ఈ కోవలోకి వస్తాయి. చేతికర్ర, వాకర్, చక్రాల కుర్చీ, వినికిడి యంత్రం వంటివి సహాయక పరికరాలు. అవి మనిషి వెంట వెళ్తాయి, సుగమ్యత మార్పులు ఇంటితోనే ఉండిపోతాయి. పాలనలో ఈ తేడా చాలా పెద్దది. పరికరం ఇవ్వడానికి మనిషిని చూస్తే చాలు. మార్పు చేయాలంటే మనిషినీ ఇంటినీ కలిపి చూడాలి, ఆ ఇల్లు ఎవరి పేరున ఉందో కూడా చూడాలి.

ఈ ఖర్చును పన్నుల సొమ్ముతోగాని, నిర్బంధ బీమా నిధితోగాని భరించే ఏర్పాట్లు బ్రిటన్, స్వీడన్, జర్మనీ, జపాన్, సింగపూర్ వంటి దేశాల్లో ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో వృద్ధుడో దివ్యాంగుడో ఉన్న పేద ఇంటికి ప్రజాధనం ప్రధానంగా నాలుగు దారుల్లో వస్తుంది: నెలనెలా పింఛను, కొత్త ఇంటికి సాయం, సహాయక పరికరం, మరుగుదొడ్డికి ప్రోత్సాహకం. ఈ నాలుగింటిలో ఏదీ ఉన్న ఇంటిని ఆ మనిషికి తగినట్టు మార్చడానికి ఉద్దేశించినది కాదు. గుంటూరు జిల్లాలోని తుళ్లూరు మండలంలో ఈ లోటు ప్రత్యేకంగా కనిపిస్తుంది. సచివాలయం, హైకోర్టు ఉన్న రాజధాని ప్రాంతం కావడం వల్ల అక్కడి ప్రభుత్వ కట్టడాలకు సుగమ్యత ప్రమాణాలు వర్తిస్తాయి. వాటికి కూతవేటు దూరంలోని పాత ఇళ్ల గడపలు మాత్రం ఏ పథకం పరిధిలోకీ రాలేదు.

నేల, ఇల్లు, గడప

కృష్ణ ఒడ్డు లంకభూములను పక్కనబెడితే తుళ్లూరు చుట్టుపక్కల పల్లెల్లో ఎక్కువ భాగం గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి, మిర్చి మైదానంలో మాదిరిగానే నల్లరేగడి. ఈ మట్టి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోయి నెర్రెలిస్తుంది. దీనికి కొండవీటి వాగు ముంపు తోడవడంతో ఇల్లు కట్టేవారు బేస్‌మెంటును వీధి మట్టం కంటే వీలైనంత ఎత్తు లేపుతారు. వీధిలో ఏళ్లతరబడి రోడ్డు మీద రోడ్డు వేస్తూ పోవడం వల్ల పాత ఇల్లు పల్లమైపోతుందన్న భయం కూడా ఈ ఎత్తుకు కారణమే. దాంతో వీధికీ వసారాకూ మధ్య మూడు నాలుగు మెట్లు, వసారాకూ లోపలి గదికీ మధ్య గడప, వెనక దొడ్లోకి మళ్లీ మెట్లు, దొడ్డి చివర మరుగుదొడ్డికి ఇంకో మెట్టు ఉండటం మామూలైపోయింది. పల్నాటి నాపరాళ్లు పరిచిన పాత ఇళ్లలో ఆ రాయి ఏళ్ల వాడకంతో నునుపెక్కి, తడిస్తే కాలు నిలవనివ్వదు.

ఈ ఎత్తును ర్యాంపుగా మార్చడం చూసినంత తేలిక కాదు. చక్రాల కుర్చీని మనిషి తనంతట తాను తోసుకుని ఎక్కాలంటే వాలు 1:12 మించకూడదని, అంటే ప్రతి అడుగు ఎత్తుకు 12 అడుగుల పొడవు ఉండాలని సుగమ్యత ప్రమాణాలు చెబుతాయి. రెండడుగుల బేస్‌మెంటు ఉన్న ఇంటికి ఈ లెక్కన 24 అడుగుల ర్యాంపు కావాలి; పైనా కిందా కుర్చీ నిలిపి తిప్పుకోవడానికి సుమారు ఐదేసి అడుగుల సమతల స్థలం అదనం. ఒక సెంటు అంటే 435.6 చదరపు అడుగులు. చదరంగా ఉన్న సెంటు స్థలానికి ఒక్కో భుజం 21 అడుగులకు మించదు. పేదలకు పట్టణాల్లో ఒక సెంటు, పల్లెల్లో సెంటున్నర చొప్పున స్థలాలిచ్చి, వాటిలో సుమారు 340 చదరపు అడుగుల ఇల్లు కట్టించిన 2020 నాటి రాష్ట్ర గృహనిర్మాణ పథకంలో, నేరుగా వేసే ర్యాంపు స్థలం కంటే పొడవైపోతుంది. మలుపు తిప్పి వేస్తే ఇంటి ముందు భాగమంతా దానికే పోతుంది. 2024 తర్వాతి విధానంలో పల్లెల్లో 3 సెంట్లు, పట్టణాల్లో 2 సెంట్లు అని నిర్ణయించడం ఈ కోణంలో చూస్తే కొంత మేలైన మార్పు, అయితే స్థలం పెరిగినంత మాత్రాన బేస్‌మెంటు ఎత్తు తగ్గదు.

నల్లరేగడిలో ర్యాంపుకు మరో చిక్కుంది. ఇంటి పునాది లోతుకు వెళ్తుంది కాబట్టి పెద్దగా కదలదు. ఇంటికి ఆనించి పైపైన పోసిన కాంక్రీటు ర్యాంపు కింది మట్టి వర్షాకాలంలో ఉబ్బి, వేసవిలో కుంగి, రెండూ కలిసే చోట బీట ఇస్తుంది. ఆ బీటే చక్రానికి అడ్డంపడే కొత్త గడప అవుతుంది. ర్యాంపు వేసే మేర నల్లమట్టిని కొంత లోతు తవ్వి తీసి, గ్రావెల్‌తో నింపి, నీళ్లు పోసి గట్టిగా దిమ్మిస కొట్టి, ఇంటి గోడకూ ర్యాంపుకూ మధ్య సన్నని సందు వదిలితే ఈ నష్టం చాలావరకు తప్పుతుంది. ఊళ్లో అనుభవమున్న తాపీమేస్త్రీలకు ఈ పని తెలిసిందే. వారికి తెలియనిది వాలు లెక్క. చాలాచోట్ల ఇళ్ల ముందు ర్యాంపు అనబడేది నిజానికి మోటారు సైకిలు ఎక్కించడానికి వేసిన నిటారు చప్టా, దాని మీద చక్రాల కుర్చీని ఇద్దరు పట్టుకుని దింపాల్సి వస్తుంది.

మరుగుదొడ్డి విషయం ఇంకా కఠినం. ఇంటింటా కట్టిన మరుగుదొడ్డి సాధారణంగా నాలుగడుగుల పొడవు, మూడడుగుల వెడల్పుకు అటూఇటూ ఉంటుంది, దాని తలుపు రెండున్నర అడుగులు. చక్రాల కుర్చీ లోపల తిరగాలంటే ఐదడుగుల వ్యాసం ఉన్న ఖాళీ కావాలి, తలుపు దాదాపు మూడడుగులు తెరుచుకోవాలి, కమోడ్ ఎత్తు 45–48 సెంటీమీటర్లు ఉండాలి. కట్టిన గదిని పెంచలేనప్పుడు తలుపును బయటికి తెరుచుకునేలా తిప్పడం, గోడలకు పట్టుకమ్ములు బిగించడం, కింది బేసిన్ మీద నిలబెట్టే కమోడ్ కుర్చీ ఇవ్వడం వంటి చిన్న పనులే ఆ మనిషి రోజును మార్చేస్తాయి. మరుగుదొడ్డికి వెళ్లడం కష్టమని నీళ్లు తాగడం, రాత్రి భోజనం తగ్గించుకునే వృద్ధులు, ముఖ్యంగా స్త్రీలు పల్లెల్లో తక్కువేమీ కాదు. ఈ మార్పులను సౌకర్యంగా కాక ఆరోగ్య అవసరంగా లెక్కించాల్సింది అందుకే.

చట్టం ఏమంటుంది

వృద్ధాప్యంలో, అనారోగ్యంలో, వైకల్యంలో పౌరుడికి ప్రభుత్వ సాయం అందేలా రాజ్యం తన ఆర్థిక శక్తి మేరకు ఏర్పాట్లు చేయాలని రాజ్యాంగంలోని 41వ అధికరణం చెబుతుంది. ఇది కోర్టులో నేరుగా అమలుచేయించుకోగల హక్కు కాదు, ఆదేశిక సూత్రం. ఐక్యరాజ్యసమితి 2006లో ఆమోదించిన దివ్యాంగుల హక్కుల ఒడంబడికను భారతదేశం 2007 అక్టోబరు 1న ధ్రువీకరించింది. అందులోని 19వ అధికరణం ఎక్కడ, ఎవరితో నివసించాలో నిర్ణయించుకునే హక్కును గుర్తించి, అందుకు కావలసిన సేవలు ఇంటి వద్ద కూడా అందాలంటుంది.

ఒడంబడికకు అనుగుణంగా వచ్చిన దివ్యాంగుల హక్కుల చట్టం 2016లో ఆమోదం పొంది 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లోకి వచ్చింది. అందులో ఇంటికి సంబంధించినవి కొన్ని సెక్షన్లు చెదురుగా ఉన్నాయి. ఐదో సెక్షన్ సమాజం మధ్య జీవించే హక్కును, ఇంటి వద్ద సేవలు పొందే వీలును చెబుతుంది. 24వ సెక్షన్ సామాజిక భద్రత గురించినది. దివ్యాంగులకిచ్చే సాయం అదే తరహా పథకాల్లో ఇతరులకిచ్చేదానికంటే కనీసం 25 శాతం ఎక్కువగా ఉండాలని, పల్లెల్లో, మురికివాడల్లో సుగమ్యమైన పారిశుధ్య సౌకర్యాలు కల్పించాలని, ఎక్కువ తోడు అవసరమైనవారికి సహాయకుడి భత్యం ఇవ్వాలని అందులో ఉంది. 37వ సెక్షన్ ప్రకారం గృహ కేటాయింపుల్లో ఐదు శాతం నిర్దిష్ట వైకల్యం ఉన్నవారికి, వారిలోనూ స్త్రీలకు ప్రాధాన్యంతో దక్కాలి. నిర్దిష్ట వైకల్యం అంటే వైద్యాధికారి ధ్రువీకరించిన 40 శాతం, లేదా అంతకు మించిన వైకల్యం. 1995 నాటి పాత చట్టం ఇళ్ల స్థలాల కేటాయింపులో ప్రాధాన్యం మాత్రమే చెప్పిన స్థితి నుంచి చూస్తే ఇది ముందడుగే. ఐదు శాతం కేటాయింపు ఇల్లు ఎవరికి దక్కాలో చెబుతుంది. దక్కిన ఇంట్లో ఆ మనిషి తిరగగలడా అన్నది చెప్పదు.

44వ సెక్షన్ మరింత దూరం వెళ్తుంది: సుగమ్యత నియమాలు పాటించని ఏ కట్టడపు ప్లానుకూ అనుమతి ఇవ్వకూడదు. 2017 నాటి నియమాల్లోని 15వ నియమం ద్వారా వచ్చిన ప్రమాణాలను పాటించక తప్పదా, పాటిస్తే మంచిదన్న మార్గదర్శకాలా అన్న ప్రశ్న సుప్రీంకోర్టుకు వెళ్లింది. రాజీవ్ రాతూరి కేసులో హైదరాబాదులోని నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయానికి చెందిన దివ్యాంగ అధ్యయన కేంద్రం దేశంలో సుగమ్యత స్థితిగతులపై కోర్టుకు నివేదిక ఇచ్చింది. ఆ నియమం చట్టానికి అనుగుణంగా లేదని, తప్పనిసరిగా పాటించాల్సిన కనీస ప్రమాణాలను విడదీసి మళ్లీ రూపొందించాలని 2024 నవంబరు 8న కోర్టు తీర్పు చెప్పింది. ఒక తెలుగు నగరపు విద్యాసంస్థ చేసిన పని దేశమంతటి నియమాన్ని కదిలించిన సందర్భమిది. అయితే ఆ కేసులోనూ, 2015 డిసెంబరు 3న కేంద్రం ప్రారంభించిన సుగమ్య భారత్ అభియాన్‌లోనూ దృష్టి ప్రధానంగా కార్యాలయాలు, రవాణా, సమాచార వ్యవస్థల మీదే ఉంది. మనిషి రోజులో ఎక్కువ గంటలు గడిపే ఇల్లు వీటన్నిటి అంచున ఉండిపోయింది.

పింఛను, పరికరం, ఇల్లు

ఆంధ్రప్రదేశ్ సంక్షేమ విధానంలో వృద్ధులకు, దివ్యాంగులకు పెద్దపీట పింఛనుదే. రాష్ట్ర విభజన నాటికి నెలకు 200 రూపాయలుగా ఉన్న వృద్ధాప్య పింఛను 2014 అక్టోబరులో 1,000కి, 2019 జనవరిలో 2,000కి, ఆ తర్వాత అంచెలుగా 2024 జనవరికి 3,000కి పెరిగింది. ఎన్టీఆర్ భరోసా పేరుతో 2024 జులై 1 నుంచి వృద్ధులకు 4,000, దివ్యాంగులకు 6,000, పక్షవాతం వంటి కారణాలతో మంచానికో చక్రాల కుర్చీకో పూర్తిగా పరిమితమైనవారికి 15,000 రూపాయలు ఇస్తున్నారు. ఈ పెంచిన పింఛను పంపిణీ ఆ రోజున రాజధాని గ్రామాల్లో ఒకటైన పెనుమాకలోనే మొదలైంది. తెలంగాణలో ఆసరా పథకం కింద దివ్యాంగుల పింఛను 2023లో 4,016 రూపాయలకు చేరింది. ఈ పెరుగుదల వెనుక వికలాంగుల హక్కుల పోరాట సమితి వంటి సంఘాల, మంద కృష్ణ మాదిగ వంటి నాయకుల సుదీర్ఘ ఉద్యమం ఉంది. ఉద్యమం పింఛను చుట్టూ అల్లుకోవడం సహజం: నగదు అందరికీ అర్థమయ్యే అవసరం, కుటుంబంలో ఆ మనిషి గౌరవాన్ని వెంటనే పెంచేది. 6,000 రూపాయలు అందుకునే మనిషి అందులోంచి బియ్యం, మందులు పోను మిగిల్చి ర్యాంపు కట్టించుకోవాలని ఆశించడం మాత్రం న్యాయం కాదు. నెలవారీ భృతి నెలవారీ ఖర్చుకే సరిపోతుంది. కట్టడానికి ఒక్కసారే పెద్ద మొత్తం కావాలి.

పరికరాల విషయంలో కేంద్ర పథకాలు రెండున్నాయి. సహాయక పరికరాల కొనుగోలుకు తోడ్పడే ఆడిప్ పథకం 1981 నుంచి నడుస్తోంది. పేద వృద్ధుల కోసం రాష్ట్రీయ వయోశ్రీ యోజన 2017 ఏప్రిల్ 1న నెల్లూరులో మొదలైంది. చేతికర్రలు, వాకర్లు, చక్రాల కుర్చీలు, కళ్లద్దాలు, కట్టుడు పళ్లు, వినికిడి యంత్రాలు దీని కింద శిబిరాల్లో ఇస్తారు. రెండింటికీ పరికరాలు ప్రధానంగా కాన్పూరులోని ప్రభుత్వ రంగ సంస్థ అలింకో సరఫరా చేస్తుంది. శిబిరానికి వచ్చిన మనిషి కొలతలు తీసుకుంటారు, కుర్చీ ఇస్తారు. ఆ కుర్చీ వెళ్లే ఇంటి తలుపు వెడల్పు అడిగే గడి ఆ విధానంలో లేదు. మంచి కుర్చీలు వసారాలో మడిచిపెట్టి ఉండిపోవడానికి కారణం చాలాసార్లు ఆ తలుపే.

గృహనిర్మాణంలో 1979లో ఏర్పడిన రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ, 2015, 2016ల్లో మొదలైన ప్రధానమంత్రి ఆవాస్ యోజన పట్టణ, గ్రామీణ విభాగాలు కలిసి పనిచేస్తాయి. గ్రామీణ విభాగంలో మైదాన ప్రాంతపు ఇంటికి 1.20 లక్షల రూపాయల యూనిట్ సాయం, వంటగదితో కలిపి 25 చదరపు మీటర్ల కనీస వైశాల్యం నిర్ణయించారు. పట్టణ విభాగపు సామూహిక గృహాల్లో దివ్యాంగులు, వృద్ధులు ఉన్న కుటుంబాలకు నేల అంతస్తులోగాని, కింది అంతస్తుల్లోగాని ప్రాధాన్యం ఇవ్వాలని మార్గదర్శకాలు చెబుతాయి. తక్కువ ఖర్చుతో ఎక్కువ మేలు చేసే నిబంధన ఇది. లాటరీకి ముందే ఇలాంటి కుటుంబాలను వేరుచేసి కేటాయించినప్పుడే దానికి అర్థముంటుంది. కేటాయింపు జరిగిపోయాక పై అంతస్తు వచ్చినవారు కింది అంతస్తువారిని బతిమాలుకోవడం తప్ప చేయగలిగింది ఉండదు.

సొంత స్థలంలో కట్టుకునే ఇళ్లకు డబ్బు దశలవారీగా వస్తుంది: బేస్‌మెంటు, రూఫ్ స్థాయి, శ్లాబు, పూర్తి. ర్యాంపు, పట్టుకమ్ములు ఈ దశల్లో ఏ బిల్లులోనూ ప్రత్యేకంగా ఉండవు. రాష్ట్ర ప్రభుత్వం 2025 మార్చిలో అసంపూర్తిగా ఉన్న ఇళ్లకు అదనపు సాయం ప్రకటించి, ఎస్సీ, బీసీ కుటుంబాలకు 50,000, ఎస్టీలకు 75,000, ఆదిమ గిరిజన తెగలకు లక్ష రూపాయలుగా నిర్ణయించింది. ఒకే ప్రమాణపు ఇంటికి అవసరాన్ని బట్టి యూనిట్ ధర మారవచ్చన్న సూత్రాన్ని ప్రభుత్వం ఇలా అంగీకరించినట్టే. వైకల్యం ఉన్న కుటుంబానికి ఇంటి ఖర్చు నిజంగానే ఎక్కువవుతుంది కాబట్టి, చట్టంలోని 25 శాతం నిబంధన వెలుగులో చూస్తే అదే సూత్రం వారికీ వర్తించాలి.

స్వచ్ఛ భారత్ మిషన్ 2014 అక్టోబరు 2న మొదలైనప్పుడు ఇంటి మరుగుదొడ్డికి 12,000 రూపాయల ప్రోత్సాహకం పెట్టి, దారిద్ర్యరేఖకు ఎగువన ఉన్నా దివ్యాంగుల కుటుంబాలను అర్హుల్లో చేర్చింది. దివ్యాంగులకు తగిన ఇంటి మరుగుదొడ్ల గురించి కేంద్ర తాగునీటి, పారిశుధ్య శాఖ 2015లో బొమ్మలు, కొలతలతో ఒక చేతిపుస్తకం కూడా ప్రచురించింది. సాంకేతికంగా కావలసిందంతా అందులో ఉంది. లక్ష్యాల గడువుల ఒత్తిడిలో ఊరంతా ఒకే నమూనా కట్టుకుంటూ పోవడంతో ఆ కొలతలు పుస్తకంలోనే మిగిలాయి.

ఆరోగ్య పథకాల వైపు చూస్తే ఇంకో వైరుధ్యం బయటపడుతుంది. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవగా నడుస్తున్న పథకంలో ఎముకలు విరిగిన ప్రమాదాలకు శస్త్రచికిత్సలున్నాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం ఏటా ప్రపంచంలో 6,84,000 మంది పడిపోవడం వల్ల మరణిస్తున్నారు, ప్రాణాపాయం కలిగించే పడిపోవడాలు అరవై దాటినవారిలోనే అత్యధికం. పడిన తర్వాత ఆసుపత్రి ఖర్చు భరించే ప్రభుత్వం, పడకుండా ఆపే ఒక ఇనుప కమ్మికి ఖర్చు పెట్టే దారి ఏర్పరచుకోలేదు.

రాజధాని గ్రామాలు

రాజధాని ప్రాంత అభివృద్ధి సంస్థ చట్టం 2014లో వచ్చింది. 217 చదరపు కిలోమీటర్ల రాజధాని నగర పరిధిలోకి తుళ్లూరు మండలంలోని తుళ్లూరు, రాయపూడి, మందడం, వెలగపూడి, నేలపాడు, అనంతవరం, దొండపాడు వంటి గ్రామాలు వచ్చాయి. సుమారు 34,000 ఎకరాలను రైతులు రాజధాని కోసం భూ సమీకరణ కింద ఇచ్చారు. గ్రామకంఠాలను, అంటే ఊరి నివాస స్థలాలను, సమీకరణ నుంచి మినహాయించారు. దీని ఫలితంగా చుట్టూ కొత్త నగరపు ప్రణాళిక వచ్చినా, ఊరి నడుమ ఇరుకు సందుల్లోని పాత పెంకుటిళ్లు, డాబాలు యథాతథంగా నిలిచాయి. వాటిలో ఉంటున్నవారిలో పొలం పని, కౌలు పోయిన పెద్దవారు చాలామంది. పిల్లలు విజయవాడలోనో హైదరాబాదులోనో అమెరికాలోనో ఉన్నవారూ ఉన్నారు.

సమీకరణ ప్యాకేజీలో భూమి లేని కుటుంబాలకు నెలకు 2,500 రూపాయల పింఛను చేర్చారు. దాన్ని 2024లో 5,000 చేశారు. 2014 డిసెంబరు 8 నాటికి అక్కడ నివసిస్తున్నవారికి ఉచిత విద్య, వైద్యం, ఇళ్లు లేనివారికి ఇళ్లు, వృద్ధాశ్రమాల ఏర్పాటు కూడా హామీల్లో ఉన్నాయి. ముసలితనానికి జవాబుగా వృద్ధాశ్రమం ప్యాకేజీలో చోటు సంపాదించుకుంది గాని, వృద్ధుడు తన ఇంట్లోనే ఉండిపోవడానికి కావలసిన మరమ్మతు సంపాదించుకోలేదు. ఊరు వదలని మనుషుల కోసం ఊరి ఇంటినే బాగుచేయడం ఎంతో తక్కువ ఖర్చు, అంతకు మించి వారు కోరుకునేది అదే.

రాజధాని వచ్చాక ఈ గ్రామాల్లో అద్దె ఇళ్లు పెరిగాయి. అద్దె ఇంట్లో మార్పుకు యజమాని ఒప్పుకోవాలి, ఖాళీ చేసేటప్పుడు పెట్టిన ఖర్చు పోతుంది. సొంత ఇల్లయినా పట్టా కొడుకు పేరునో కోడలి పేరునో ఉంటుంది. మార్పుల పథకం ఏది రూపొందించినా, అర్హతను పట్టాతో కాక నివాసంతో ముడిపెట్టకపోతే అవసరమున్న వృద్ధురాలే ముందుగా జాబితా నుంచి జారిపోతుంది.

ఇతర దేశాల పద్ధతులు

బ్రిటన్‌లో 1970 నాటి దీర్ఘరోగులు, దివ్యాంగుల చట్టం ఇంటి మార్పుల బాధ్యతను స్థానిక సంస్థల మీద పెట్టింది; 1990 నుంచి ప్రత్యేక గ్రాంటు నడుస్తోంది, ఇప్పటి రూపానికి ఆధారం 1996 నాటి చట్టం. ఇంగ్లండులో గరిష్ఠంగా 30,000, వేల్సులో 36,000 పౌండ్ల వరకు ఇస్తారు. పెద్దవారి విషయంలో ఆదాయం లెక్కిస్తారు, దివ్యాంగ బాలల విషయంలో లెక్కించరు. అద్దెదారు కూడా అర్హుడే. ఆ మార్పు ఆ మనిషికి అవసరమా, తగినదా అని ఒకరు, ఆ ఇంట్లో అది సాధ్యమా అని మరొకరు తేల్చే పద్ధతి అక్కడి గట్టి భాగం. స్వీడన్‌లో మున్సిపాలిటీయే ఖర్చు భరిస్తుంది, ఆదాయ పరిమితి లేదు. జర్మనీలో సంరక్షణ బీమా నిధి 2025 నుంచి ఒక్కో మార్పుకు 4,180 యూరోల వరకు ఇస్తోంది. అమెరికాలో 1988 నాటి సవరణ అద్దెదారుకు తన ఖర్చుతో మార్పు చేసుకునే హక్కునిచ్చింది. ప్రజాధనం మాత్రం ప్రధానంగా మాజీ సైనికులకు, కొన్ని పరిమిత పథకాలకు దక్కుతుంది. సింగపూర్‌లో ప్రభుత్వ ఫ్లాట్లలోని వృద్ధులకు 2012 నుంచి పట్టుకమ్ములు, జారని నేల పూత, ర్యాంపులు 95 శాతం వరకు రాయితీతో అమరుస్తున్నారు.

తెలుగు పల్లెకు వీటన్నిటిలో దగ్గరిది జపాన్ పద్ధతి. అక్కడి పాత ఇళ్లలోనూ ఎత్తైన గడపలు, నేల మీద కూర్చునే అలవాటు, కింది బేసిన్ మరుగుదొడ్లు ఉన్నాయి. 2000 ఏప్రిల్‌లో మొదలైన దీర్ఘకాల సంరక్షణ బీమా కింద రెండు లక్షల యెన్ల వరకు ఇంటి మార్పులకు ఇస్తారు, అందులో పది నుంచి ముప్పై శాతం వరకు ఆదాయాన్ని బట్టి వాడుకునేవారు భరిస్తారు. పనుల జాబితా చిన్నది, స్పష్టమైనది: పట్టుకమ్ములు, ఎత్తు తేడాలు తీసేయడం, జారని నేల, జరిపే తలుపు, కింది బేసిన్ స్థానంలో కూర్చునే కమోడ్, వీటికి అనుబంధ పనులు. పని మొదలుకాక ముందే కారణం రాసిన కాగితం పురపాలక సంస్థకు చేరాలి. పెద్ద మొత్తాలు కొద్దిమందికి కాక, చిన్న మొత్తాలు చాలామందికి అన్న ఈ ఎంపిక పరిమిత నిధులున్న రాష్ట్రానికి సరిపోతుంది.

అంచనా వేసేదెవరు

పాశ్చాత్య దేశాల్లో ఇంటిని చూసి మార్పులు సూచించేది ఆక్యుపేషనల్ థెరపిస్టు, అంటే రోజువారీ పనులను శరీర పరిమితికి తగినట్టు మలిచే శిక్షణ పొందిన నిపుణుడు. మండల స్థాయిలో అలాంటి నిపుణులు లేకపోవడం ఈ పథకం ఇక్కడ సాధ్యం కాదనడానికి తరచు చెప్పే కారణం. ఆంధ్రప్రదేశ్‌లో ఆ వాదన పూర్తిగా నిలవదు. 2019 అక్టోబరు 2న మొదలైన గ్రామ సచివాలయాల్లో కట్టడాలు తెలిసిన ఇంజినీరింగ్ అసిస్టెంటు, ఆరోగ్యం చూసే ఏఎన్ఎం, పథకాల దరఖాస్తులు చూసే సంక్షేమ, విద్యా సహాయకుడు ఒకే గొడుగు కింద ఉన్నారు. పింఛను పంపిణీకి సచివాలయ సిబ్బంది ప్రతి నెలా ఆ ఇంటి గడప దాకా వెళ్తూనే ఉన్నారు. గడప ఎత్తు, తలుపు వెడల్పు, మరుగుదొడ్డి దూరం, మెట్ల సంఖ్య అనే నాలుగు కొలతలు పింఛను వివరాలతో పాటు ఒకసారి నమోదు చేయడానికి కొత్త ఉద్యోగం అక్కర్లేదు. కష్టమైన కేసులను జిల్లా ఆసుపత్రి ఫిజియోథెరపిస్టుకు పంపవచ్చు.

ఇప్పుడున్న పద్ధతిలో కొలిచేది శరీరాన్ని మాత్రమే. ఉమ్మడి రాష్ట్రంలో ప్రవేశపెట్టిన సదరం విధానంలో వైద్యులు వైకల్య శాతం నిర్ణయిస్తారు, ఆ శాతాన్ని బట్టి పింఛను వస్తుంది. మోసాల్ని అరికట్టడానికి అది అవసరమే. అయితే 60 శాతం వైకల్యమున్న ఇద్దరిలో ఒకరు సమతలంగా ఉన్న ఇంట్లో హాయిగా తిరుగుతుంటే, ఇంకొకరు మూడు మెట్ల పైన బందీగా ఉండవచ్చు. ఆ తేడా ధ్రువపత్రంలో కనిపించదు, ఎందుకంటే అది శరీరంలో లేదు. 2000 నుంచి పేదరిక నిర్మూలన సంస్థ ద్వారా వెలుగు కార్యక్రమంలో ఏర్పడిన వికలాంగుల స్వయం సహాయక సంఘాలకు ఈ సంగతి అనుభవంలో తెలుసు. కొలతల నమోదులో వారిని కూర్చోబెడితే ఏ ఇల్లు ముందు బాగుచేయాలో ఊరే తేల్చుకుంటుంది.

ఇప్పుడున్న ఏర్పాట్లలోనూ కుటుంబాలు చేసుకోగలిగింది కొంత ఉంది. ప్రభుత్వ సాయంతో కొత్త ఇల్లు మొదలుపెట్టేవారు, ఇంట్లో నడవలేని మనిషి ఉంటే, ఆ సంగతిని బేస్‌మెంటు దశకు ముందే ఇంజినీరింగ్ అసిస్టెంటుకు రాతపూర్వకంగా చెప్పి బేస్‌మెంటు ఎత్తు, ర్యాంపు స్థలం, మరుగుదొడ్డి తలుపు కొలత మార్పించుకోవాలి. గోడ లేవకముందు చేసే మార్పుకు ఖర్చు దాదాపు ఉండదు, శ్లాబు పడ్డాక అదే మార్పుకు గోడ పగలగొట్టాలి. ఉన్న ఇంటికి సాయం కోరేవారు 2016 చట్టంలోని 24వ సెక్షన్‌ను పేర్కొంటూ ప్రతి సోమవారం కలెక్టరేటులో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇచ్చి రసీదు తీసుకోవాలి, జవాబు రాకపోతే రాష్ట్ర దివ్యాంగుల కమిషనర్‌కు ఫిర్యాదు చేయాలి. అర్జీలు నమోదైతేనే ఎన్ని ఇళ్లకు ఎంత అవసరమో ప్రభుత్వం దగ్గర లెక్క ఉంటుంది, లెక్క ఉంటేనే బడ్జెట్‌లో దానికొక పద్దు పుడుతుంది.